శస్త్రవైద్యవృత్తియు మన బిడ్డలును

(సోమందేపల్లిలో జరిగిన మన సంఘ వార్షికమహాసభయం దొనర్చిన ఉపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుఁడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. విద్యామహిమను వర్ణించుట ముప్పదియేండ్లకు పైగా మాకు అలవాటైన పనియే. తరగతిగదిలో నది చెల్లును; ఇచట చెల్లదు. ఈ సభలో బిడ్డల చదువునకై ఇల్లు తాకట్టు పెట్టినవారున్నారు; మగ్గముపై సగము నేసిన చీరను చూపి బదులు తెచ్చినవారున్నారు. వారికి విద్య గొప్పదని వేఱుగ చెప్ప నక్కఱలేదు. కావున నొక్క వృత్తినే తీసికొని, అందు బిడ్డలు ప్రవేశించుట యెట్లు, తుదివఱకు నిలుచుట యెట్లు, నడుమ జాఱిపోవుట యెందువలన అను సంగతిని విచారింపఁదలఁచితిమి. ఆ వృత్తి శస్త్రవైద్యము.

మేము వైద్యులము కాము. అయినను ఇంటర్మీడియెట్ ముగిసిన బిడ్డను వెంటఁబెట్టుకొని తండ్రులు మా యింటికి వచ్చుచుందురు. "డాక్టరు చేయవలెనని యున్నది, అయ్యవారూ" అందురు. ఏ డాక్టరని యడిగితిమా, "ఆపరేషన్లు చేయు డాక్టరు" అని తడుముకొనకుండ జవాబు వచ్చును. ఆ మాట వెనుక నెన్ని యేండ్లున్నవో తండ్రికి తెలియదు, తెలిసినవారు చెప్పరు.

ముందుగా మాటకు అర్థము చూతము. సంస్కృతమున దీనికి శల్యతంత్రమని పేరు. శల్యమనఁగా బాణపు ములికి మొదలుగా శరీరమున జొచ్చి బాధించునది. దానిని వెలికిఁ దీయు శాస్త్రము శల్యతంత్రము. ఆయుర్వేదమునకుఁగల యెనిమిది యంగములలో సుశ్రుతుఁడు దీనినే మొదట లెక్కించెను. ఇంగ్లీషువారి 'సర్జరీ' యను శబ్దము గ్రీకుభాషనుండి వచ్చినది. ఆ భాషలో 'ఖేయిర్' అనఁగా చేయి, 'ఎర్గోన్' అనఁగా పని. అనఁగా శస్త్రవైద్యమునకు తెనుఁగున సరియైన పేరు చేతిపని. సుశ్రుతుఁడును యంత్రములు నూటయొకటి యని లెక్కపెట్టి, వానిలో నెల్ల చేయియే ప్రధానమైన యంత్రమని నిర్ణయించెను. తాతముత్తాతలనాఁటినుండి చేతిపనియే జీవనముగాఁ గల మన నేతకులమువారు ఈ మాటను కొంచెము నిలిచి యాలోచింపవలెను. డాక్టరుచదువు మనది కాదు, అది పుస్తకాలకులములవారిది యని మనలో వృద్ధు లిప్పటికి ననుచుందురు. పుస్తకము వలసినదే. కాని పుస్తకముతోఁ దీఱని భాగము దీనిలో సగమున్నది.

ఆ సగమును నేర్పుటకు సుశ్రుతుఁడు చెప్పిన పద్ధతి మిక్కిలి ముచ్చటయైనది. శిష్యుఁడు శాస్త్రమంతయు చదివినను అభ్యాసము లేనిదే రోగిని తాఁకఁగూడదు. కోఁత నేర్చుకొనుటకు గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయలు. చీల్చుట నేర్చుకొనుటకు నీరునించిన తోలుతిత్తులు. గీఁకుటకు వెండ్రుకలున్న తోలు. సిర పొడుచుటకు చచ్చిన పశువుల సిరలు, తామరతూండ్లు. పుండులోని దారిని శలాకతో వెదకుటకు పురుగుతిన్న కొయ్య, వెదురు, ఎండిన సొరబుఱ్ఱ. కట్టు కట్టుట కొక గుడ్డబొమ్మ. ఇఁక కుట్టుపని నేర్చుకొనుటకు సన్ననిదియు మందమైనదియునగు వస్త్రపుటంచులు, మెత్తని తోలు. వస్త్రపుటంచు అని చదివినప్పుడెల్ల మాకు మన యిండ్లే జ్ఞప్తికి వచ్చును. ఇప్పటి వైద్యకళాశాలలలో సిలికాను చర్మముమీఁదను, ప్లాస్టిక్ బొమ్మలమీఁదను విద్యార్థులచే కుట్టించుచున్నారు. వస్తువులు మాఱినవి కాని క్రమ మదియే.

ఎవరు చదువవచ్చును అను ప్రశ్నకును ఆ గ్రంథమున జవాబున్నది. కులగుణములు గల శూద్రునికిఁగూడ మంత్రభాగమును విడిచి ఈ శాస్త్రమును బోధింపవచ్చునని కొందఱి మతముగా నచట వ్రాయఁబడియున్నది. 'కొందఱి మతము' అను రెండుమాటల వెనుక ఎంత వాదము జరిగియుండునో మన మూహించుకొనవచ్చును. తలుపు పూర్తిగా తెఱవలేదు, పూర్తిగా మూయను లేదు.

తరువాతి కాలమున నేమైన దనఁగా, పుస్తకము నెఱిఁగినవారు కత్తిని విడిచిరి. కత్తి పట్టినవారికి పుస్తకము దొరకలేదు. దీనికి దృష్టాంత మొకటి కలదు. 1792 నాఁటి మైసూరు యుద్ధమున కావస్జీ యను ఎద్దులబండివాఁడు ఇంగ్లీషు సైన్యమున పనిచేయుచు టిప్పు సుల్తాను వారికి చిక్కెను. వారు వాని ముక్కును ఒక చేతిని ఖండించిరి. హైదరు, టిప్పుల యేలుబడిని మన పెనుకొండ సీమయు చూచినదే గనుక ఈ కథ మనకు మిక్కిలి దూరమైనది కాదు. కావస్జీ యేఁడాదికి పైగా ముక్కులేకయే యుండెను. పిదప పూనా చెంత నొకఁడు వాని నొసటి చర్మమును కొలతకు సరిగా దొరలించి, క్రిందికి త్రిప్పి, ముక్కుగా నతికెను. ఇద్దఱు ఇంగ్లీషు వైద్యులు దీనిని కన్నులార చూచిరి. 1794 అక్టోబరున లండనులోని జెంటిల్‌మన్స్ మ్యాగజైనను పత్రికయందు చిత్రముతోఁగూడ నది ప్రకటింపఁబడెను. 1814లో కార్ప్యూ అను లండను శస్త్రవైద్యుఁడు ఆ పద్ధతిననుసరించి ముక్కుల నతుక నారంభించెను. అనంతరము యూరపుఖండ మంతయు నది వ్యాపించెను. ఆ పూనావాఁ డెవరు? ఇటుకలు చేయు కులమువాఁడని మాత్రమే పత్రికలో నున్నది. చూచినవారి పేర్లున్నవి, ముక్కు పోయినవాని పేరున్నది, చేసినవాని పేరు లేదు. మనవంటి చేతిపనివారి చరిత్ర యంతయు నిట్లే గడచినది.

పుస్తకమునకు కత్తికి మరల పొత్తు కుదిర్చినవాఁడు మావంటి సంస్కృతపండితుఁ డగుట మాకు సంతోషకరము. ఆయన మధుసూదన గుప్తుఁడు. కలకత్తా సంస్కృతకళాశాలలో ఆయుర్వేదము బోధించినవాఁడు. 1835లో కలకత్తా వైద్యకళాశాల యేర్పడఁగా, 1836లో ఈ పండితుఁడు శవమును తాఁకరాదను కట్టుబాటును దాఁటి తన చేతులతో శవచ్ఛేదము చేసెను. ఆ దినమున కోటలో ఫిరంగులు పేల్చిరని చెప్పుకొందురు. పేల్చినను పేల్చకున్నను, ఆ గదిలోనికి అడుగిడుటయే గొప్ప సాహసము. మఱి శవమును కడిగి లోని భాగములను పరీక్షింపవలెనని సుశ్రుతుఁడు వేయేండ్లకు ముందే విధించెను గదా, ఇందు సాహస మేమున్నదని యడుగవచ్చును. విధి గ్రంథమున నుండిపోయినది. అంతే.

ఇఁక పట్టుదారపు కథ. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరము పట్టునేతకు ప్రసిద్ధికెక్కినది. మనకు ధర్మవరమెట్లో వారికి లియానట్లు. 1894 జూనులో నచట ఫ్రాన్సు అధ్యక్షుఁడైన కార్నోను ఒకఁడు కత్తితో పొడిచెను. కాలేయమునకు పోవు పెద్దసిర తెగినది. తెగిన సిరను కుట్టుట యప్పటి వైద్యుల కెవరికిని చేతఁగాలేదు, అధ్యక్షుఁడు మరణించెను. ఆ నగరముననే వైద్యము చదువుచున్న అలెక్సిస్ కారెల్ అను యువకుఁడు, గుడ్డ కుట్టఁగలిగినప్పుడు సిర నేల కుట్టలేమని పట్టుపట్టెను. అతఁడు ప్రొఫెసరు నాశ్రయించుటతో నిలువలేదు. ఊరిలో పేరుపడ్డ జలతారుకుట్టు పనిగత్తె కడకు పోయి, మిక్కిలి సన్నని సూదితో, పట్టుపోగుతో కుట్టుట నేర్చుకొనెను. 1902లో నాళములను అంచుకంచు మూఁడు కుట్లతో నిలిపి, రంధ్రము మూసికొనకుండ కలుపు విధానమును ప్రకటించెను. 1912లో నోబెల్ బహుమాన మాతనికి వచ్చినది. నేఁడు గుండెకు క్రొత్త నాళము నతుకుటకును, మూత్రపిండమును మార్చుటకును ఆ కుట్టే పునాది. పాతపడుగు కొసలకు క్రొత్తపడుగు పోగులను ఒక్కొక్కటిగా వేలకొలఁది అతుకు మన స్త్రీలను చూచినప్పుడు మాకు ఈ కారెల్ జ్ఞప్తికి వచ్చుచుండును. వారి వ్రేళ్ల నేర్పు ఏ ఆపరేషను గదిలోను తక్కువ యని యనిపించుకొనదు.

ఇంతవఱకు పొగడ్త. ఇఁక లెక్క.

నీట్ అను ప్రవేశపరీక్ష 720 మార్కులది. అది గట్టెక్కిన పిదప ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర యేండ్లు. దానిపై నొక యేఁడు హౌస్ సర్జన్ పని. ఆ పేరులో సర్జన్ అను మాటయున్నది గాని యప్పటికి బిడ్డ యింకను సర్జన్ కాఁడు. పిమ్మట మరల ప్రవేశపరీక్ష వ్రాసి ఎం.ఎస్. సీటు సంపాదింపవలెను, అది మూఁడేండ్లు. గుండె, మెదడు, మూత్రకోశము వంటి వానిలో ప్రత్యేకత కావలెనన్న ఎం.సి.హెచ్. మఱి మూఁడేండ్లు. ఏ పరీక్షయందును ఒక్కయేఁడును వ్యర్థము కాకున్నను పదునొకండున్నర సంవత్సరములు. పదునెనిమిదవ యేఁట ప్రవేశించినవాఁడు ముప్పది దగ్గఱ పడునప్పటికి విద్యార్థియే. వాని తోడివాఁడు ఇంజనీరింగు ముగించి బెంగుళూరు కంపెనీలో ఇరువదిరెండవ యేఁటనే జీతము తెచ్చుచుండును. రెండిండ్లు ఒకే వీథిలో నున్నప్పుడు ఆ తల్లిదండ్రుల మనస్సు ఎట్లుండునో మీకు తెలియును.

ఈ దారిలో బిడ్డలు జాఱిపడు చోటు ప్రవేశపరీక్ష కాదు. అది మేము గట్టిగా చెప్పుచున్నాము. మా శిష్యుఁ డొకఁడు, గుంటమగ్గము నేయు తండ్రికి కొడుకు, ప్రభుత్వకళాశాలలో ఎం.బి.బి.ఎస్. చక్కగా ముగించెను. సీటు వచ్చిన యేఁడు శాలువ కప్పిరి, దండ వేసిరి, ఫొటో ప్రకటించిరి. హౌస్ సర్జన్ పని ముగిసిన మఱునాఁటినుండి వానికి చేతిలో పైస లేదు. ఎం.ఎస్. ప్రవేశపరీక్షకు ఏకాగ్రముగా చదువవలెనన్న ఒక యేఁడు, ఒక్కొకప్పుడు రెండేండ్లు, సంపాదన లేక కూర్చుండవలెను. అప్పటికి తండ్రి కన్నులు మందగించినవి, చెల్లెలి వివాహమునకు తెచ్చిన అప్పున్నది. "డాక్టరైనావు గదా, ఇంక చదువేమి?" అని బంధువులు. వాఁడొక నర్సింగుహోములో రాత్రి డ్యూటీకి కుదిరెను. పగలు నిద్ర, రాత్రి మెలఁకువ. పుస్తకము తెఱచుట యెప్పుడు? అయిదేండ్లు గడచినవి. వాని చేయి ఎంత నెమ్మదియైనదో, చిన్ననాఁడు తండ్రి ప్రక్కన కూర్చుండి తెగిన పోగును ముడి కనఁబడకుండ ఎట్లు కలిపెడివాఁడో మేము చూచితిమి. ఆ చేయి నేఁడు చీట్లు వ్రాయుచున్నది. చీట్లు వ్రాయుట తక్కువ పని కాదు. రోగిని చూచువాఁ డెవఁడైనను గౌరవింపఁదగినవాఁడే. కాని అది వాఁడు కోరిన పని కాదు, వాని చేతికి తగిన పనియు కాదు.

ఈ శూన్యకాలముననే మఱియొకటి జరుగును. డాక్టరు వరుఁడను పేర సంబంధములు వచ్చును. ఎం.ఎస్. చదువు ఖర్చు మేము పెట్టెదమని మామగారు ముందుకు వత్తురు. వినుటకు సహాయమువలె నుండును, అది కట్నమే. 1961నాఁటి కట్ననిషేధ చట్టము దానికి మాఱుపేరు పెట్టినను ఒప్పుకొనదు. ఇంకొకరి బిడ్డ తండ్రి తన గుండెలమీఁద అప్పు పెట్టుకొని మన బిడ్డను సర్జన్ చేయుట మన సంఘమునకు పరువు తక్కువ. ఇది చెప్పినందుకు కొందఱికి కోపము వచ్చును, రానిండు.

కష్టములు దాఁటి నిలిచినవాఁ డెవఁడైనఁ గలఁడా యని యడుగుదురు. దేహము సైతము ఎదురుతిరిగినను నిలిచిన యొక్కని కథ చెప్పెదము. తమిళదేశమున తెలుఁగు మాటలాడు కుటుంబములు అనేకములున్నవి. అట్టి రైతుకుటుంబమున 1918లో వడమలాపురమను పల్లెలో గోవిందప్ప వేంకటస్వామి జన్మించెను. ఆయన బంధుస్త్రీలు మువ్వురు చిన్నవయస్సుననే ప్రసవసంబంధమైన కారణములచే మరణించిరి. ఆ దుఃఖముతో ప్రసూతివైద్యుఁడు కావలెనని నిశ్చయించుకొని 1944లో మద్రాసు స్టాన్లీ కళాశాలనుండి వైద్యపట్టము పొందెను. సైన్యవైద్యశాఖలో చేరిన కొలఁది కాలమునకే కీళ్లవాతము పట్టినది. ఏఁడాదికి పైగా ఆసుపత్రిలో మంచము పట్టెను. వ్రేళ్లు వంకరలు తిరిగి, కలము పట్టుటయు కష్టమైనది. ప్రసూతివైద్యము ఆశ వదలవలసివచ్చెను. అంతటితో ఎవరైనను ఇల్లు చేరుదురు. ఆయన నేత్రవైద్యమునకు తిరిగి 1951లో అందు ఎం.ఎస్. పట్టమును పొందెను. వంకరవ్రేళ్లకు అమరునట్లుగా పనిముట్లను తీర్పించుకొని, కంటిపొరను తీయుటను ఆ చేతులకే నేర్పెను. తన జీవితకాలమున లక్షకు పైగా నేత్రశస్త్రచికిత్సలు చేసెనని ప్రసిద్ధి. 1976లో ప్రభుత్వోద్యోగమునుండి విరమించి, మధురలో పదునొకండు పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించెను. పెట్టుబడికి ఇల్లు, నగలు కుదువ పెట్టినది తోఁబుట్టువులు. ఇచ్చుకొనఁగలవారు సొమ్మిచ్చిరి, ఇచ్చుకొనలేనివారు ఊరక చేయించుకొనిరి. ఆ లెక్కతోనే ఆసుపత్రి నడచినది. ఆయన చెల్లెలు నాచ్చియారుగారును నేత్రశస్త్రవైద్యురాలే. 1992లో కంటిలో పెట్టు కృత్రిమకటకములను అచటనే చేయ నారంభించి, విదేశముల కటకములకంటె ఎంతో తక్కువ ధరకు దొరకునట్లు చేసిరి. ఆయన 2006లో స్వర్గస్థుఁడయ్యెను. నేతగానికి కన్నులు పోయిన మగ్గము ఆఁగునని మనకు వేఱొకరు చెప్పవలెనా? ఈ వృత్తి ఎవరి బ్రదుకునకు తోడగునో ఇందువలన తెలిసికొనుఁడు.

మన సీమ సంగతి చూడుఁడు. రాయలసీమలో మొదటి వైద్యకళాశాల కర్నూలునందు వెలసెను. అంతకుముందు సీమ దాఁటి పోవలసినదే. తిరుపతిలో 1960లో, అనంతపురమున 2000లో కళాశాలలు వచ్చినవి. 1991లో పుట్టపర్తియందు గుండె ఆపరేషన్లు సొమ్ము పుచ్చుకొనక చేయు పెద్ద ఆసుపత్రి తెఱువఁబడెను. ధర్మవరము చెంత బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థవారి ఆసుపత్రి యున్నది. 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట ప్రారంభమైన మూఁడు జిల్లాలలో అప్పటి మన అనంతపురము జిల్లా యొకటి. ఆపరేషను బల్లలు మన యింటి ముంగిటికి వచ్చినవి. వాని ప్రక్కన నిలుచువారిలో మన వీథుల బిడ్డ లెందఱు? నేఁటికిని అర్ధరాత్రి ప్రేఁగు మెలిపడినవానిని సోమందేపల్లి నుండి బెంగుళూరు రహదారి పట్టించుచునే యున్నాము.

ఆఁడుబిడ్డల విషయ మొక మాట. రాత్రి డ్యూటీ లని, పెండ్లి యాలస్యమగు నని వారిని శస్త్రవైద్యమునుండి మఱలించుచున్నారు. 1885 మొదలు 1889 వఱకు హైదరాబాదు వైద్యపాఠశాలలో రూపాబాయి ఫర్దూన్‌జీ అను పారసీ యువతి చదివి, ఆపరేషను వేళ రోగికి క్లోరోఫారమిచ్చు విద్యలో ప్రపంచముననే తొలి స్త్రీలలో నొకతెగా పేరొందెను. నూటముప్పదియేండ్లు గడచినవి. జలతారు తీఁగను విఱుగకుండ నడపు చేతిని కత్తికి తగదనుటకు మనకు నో రెట్లు వచ్చుచున్నదో మాకు తెలియదు.

కావున సభవారికి మా మనవి యిది. మన విద్యానిధినుండి సీటు వచ్చిననాఁడు ఇచ్చు ఒక్కమాఱు బహుమానమును తగ్గింపుఁడు. శాలువ వ్యయము పూర్తిగా మానుఁడు. ఆ సొమ్మును హౌస్ సర్జన్ పని ముగిసినది మొదలు ఎం.ఎస్. సీటు వచ్చువఱకు, రెండేండ్లకు మించకుండ, నెలనెల భోజనమునకు, అద్దెకు, పుస్తకములకు సరిపడునట్లు ఇండు. దానము వలదు, వడ్డీలేని బదులుగ నిచ్చి, సంపాదన మొదలైన అయిదేండ్లలో తిరిగి కొనవలెను. అప్పుడే తరువాతి బిడ్డకు నిధి మిగులును. పట్టము పొందినవాఁడు ఊరికే తిరిగి రావలెనని కట్టు పెట్టవలదని మా యభిప్రాయము; కట్టినవాఁడు మనస్సుతో కత్తి పట్టలేఁడు. సంవత్సరమున కింత కాలము ఈ మూఁడు తాలూకాల బీదలకు చికిత్స చేయుమని కోరవచ్చును. కట్నము పుచ్చుకొనినచో బదులంతయు ఒక్కమాఱే చెల్లింపవలెనను షరతు మాత్రము గట్టిగా నుండవలెను. వివాహమైన ఆఁడుబిడ్డకును ఈ సహాయము నిలిపివేయరాదు. ఆమె యిప్పుడు అత్తవారి ఊరిదను వాదము ఇచట పనికిరాదు.

ఎం.బి.బి.ఎస్. సీటు రానివారికి ఆపరేషను గదిలోనే అనస్థీషియా సహాయకులు, నర్సులు మొదలైన ఉద్యోగములున్నవి. వానిని గూర్చి వేఱొక దినమున చెప్పెదము. సీటు కొనుటకై ఉన్న యిల్లమ్ముట, పరీక్షలు తెలిసికొనక విదేశమునకు పంపుట, ఈ రెంటికి ముందు ఒక్కమాఱు కార్యాలయమునకు వచ్చి సంప్రతింపవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాము. విదేశపట్టము తెచ్చినవాఁడు ఇచట మరల పరీక్షలో నెగ్గినఁగాని వైద్యము చేయరాదు.

ఈ మనవిని తీర్మానరూపమున వ్రాసి కార్యదర్శిగారి కిచ్చియున్నాము. మధ్యాహ్నసమావేశమున చర్చకు వచ్చును. వ్యతిరేకించువారును లేచి తమ కారణములను చెప్పవలసినదిగా ప్రార్థించుచున్నాము.